ఆముదంతో నేర్చుకున్న ఇంగ్లీషు

మా ఇంటిల్లిపాదికీ ఉన్నంత తెలివి జిల్లా అంతా గాలించినా దొరకదు. గాలించాం కూడా. పక్కింట్లోనే దొరికింది.

మా అక్క హైమావతికి కొత్త బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం దాదాపు వచ్చేసింది. బడి పెద్ద సెలీనా మేడమ్ ఒకే ఒక్క షరతు పెట్టారు. "లూబ్రిషస్ అనే మాట ఒకటుందమ్మా, చాలామందికి తెలీదు. అర్థం బట్టీ పడితే చాలదు, వాడుకలో చూపించాలి. ఆదివారం మీ ఇంటికే వస్తాను."

అక్క డిక్షనరీ తీసింది. మొదటి అర్థం, నున్నగా జారిపోయేది. రెండోది, సూటిగా జవాబు చెప్పకుండా తప్పించుకునే మనిషి. మూడోది చదివి ముఖం ఎర్రబడి టప్పున మూసేసింది. అందుకని మూడోది ఈ కథలో లేదు.

"వాడుకలో అంటే వాడాలి కదే!" అన్నాడు మా నాన్న పైడిరాజు. అంతే, అమ్మ ఆముదం డబ్బా తెచ్చి అరుగూ, గడపా, వసారా అంతా పూసేసింది.

"మరి రెండో అర్థం నాన్నా?"

"అది నాకొదిలెయ్," అంటూ నాన్న మోచేతులదాకా ఆముదం పట్టించుకున్నాడు.

ఆదివారం మేడమ్ గడపలో కాలుపెట్టారు. ఇంకేముంది, ఇంకో అడుగు వెయ్యకుండానే వంటింట్లోకి వచ్చేశారు.

"చూశారా మేడమ్, మొదటి అర్థం!" అంది అక్క పొంగిపోయి.

"పైడిరాజుగారూ, లేపండి!"

"పైడిరాజా? ఏ పైడిరాజు? ఎవరు పెట్టారండీ ఆ పేరు?" అన్నాడు నాన్న.

"ఇది రెండోది మేడమ్!"

నాన్న చెయ్యందించాడు. ఆవిడ పట్టుకున్నారు. సర్రున జారి మళ్ళీ కిందే.

"పొడిగా ఏదైనా చల్లండమ్మా!" అని అరిచారు. అమ్మ శనగపిండి డబ్బా బోర్లించింది. అక్క కడిగేద్దామని చెంబుడు నీళ్ళు పోసింది. అది చూసి అమ్మ, "మూకుడు పెట్టనా?" అంది.

మేడమ్ బజ్జీపిండిలోంచి ఎలాగో లేచారు. "హైమా, నేను ఒళ్ళు కడుక్కుని ఈ ఇంట్లోంచి బయటపడితే ఉద్యోగం నీదే. లేదా, లేదు!"

తీరా చూస్తే స్నానాలగదికి లోపల గొళ్ళెం పెట్టి ఉంది.

"లోపలెవరు?" అన్నారు మేడమ్.

"లోపలా? ఏ లోపల?" అన్నాడు నాన్న.

ఇదంతా పక్కనుండి చూసినట్టు చెప్పాను గానీ, నిజానికి విన్నాను. స్నానాలగదిలోంచి. మిగిలిన ఆముదం పారెయ్యడమెందుకని లోపలి గొళ్ళేనికి పట్టించింది నేనే. పొద్దున్నుంచీ లాగుతున్నా, వేళ్ళకి చిక్కట్లేదు.

"ఒరేయ్, నా ఉద్యోగం!" అని అక్క తలుపు బాదేస్తోంది.

అయినా తలుపు తెరుచుకోకపోవడమే నయం. ఆ ఆముదం పూసింది నేను కట్టుకున్న తువ్వాలుతో. ఇప్పుడది కూడా ఒంటిమీద నిలవట్లేదు.