కంచెకు తోడిన నీళ్లు

ఆ ఏడు కరువు ముదిరి, దొర భుజంగరాయుడి బావిలో తప్ప ఊళ్లో ఎక్కడా చుక్క నీరు లేదు. ఖాళీ కుండలతో జనం పొద్దస్తమానం ఆయన వాకిటి ముందే నిలబడేవాళ్లు. అలా నిలబడీ నిలబడీ, ఆయన తోటలో పనిచేసే పైడమ్మ వాళ్ల అత్త అక్కడే ప్రాణం విడిచింది.

వాకిట్లో ఆ జనాన్ని చూస్తుంటే దొరకు అన్నం సహించలేదట. పైడమ్మను పిలిచి, "ఈ మొహాలు నాకు కనపడకుండా కంచె వెయ్యవే" అన్నాడు.

"గోరింట గుబురుగా పెరుగుతుందయ్యా. కానీ వేరు పట్టేదాకా రోజూ నీళ్లు పొయ్యాలి. వాడలోవాళ్లంతా తలో చెయ్యి వెయ్యాలి."

"తోడుకు చావండి!"

నెల తిరిగేసరికి గోరింట నిలువునా ఎండిపోయింది. "బావి సగం తోడేశారు, కంచె ఏదే?" అని దొర మండిపడ్డాడు.

"వాకిట్లో ఒక్క మొహమైనా కనిపిస్తోందా అయ్యా? గొంతు తడిసినవాళ్లు ఇక్కడెందుకు నిలబడతారు?"

దొర పళ్లు నూరాడు. "రేపే గోడ కట్టిస్తా!"

"కట్టించండయ్యా" అంది పైడమ్మ, కుండ చంకనెత్తుకుంటూ. "పచ్చిగోడకైనా రోజూ నీళ్లు కొట్టాలిగా."