ఆరబెట్టే యంత్రం

గాలం రాడ్లు ఆరబెట్టే యంత్రాన్ని ఈ భూమ్మీద కనిపెట్టిన మొట్టమొదటి మానవుణ్ణి నేనే. భూమి అంటే మా వీధి. వీధి అంటే నాకు పని నేర్పే ఉస్తాద్ దుకాణం. అందులో ఉండేది మేమిద్దరమే, ఉస్తాదేమో ఏదైనా కనిపెట్టాలని ఎప్పుడూ అనుకోలేదు.

ఉస్తాద్ కాలేషా విశాఖ పాత ఊళ్లో రాడ్లు కడతారు. సన్నటి కార్బన్ కర్రకి గాలం తీగ వెళ్లే రింగులు పెట్టి, పట్టుదారంతో బిగించి చుట్టి, దాని మీద రెండు మందులు కలిపిన జిగురు పూస్తారు. అది తేనెలా ఉంటుంది. కర్ర కదలకుండా ఉంటే కిందికి జారి బొట్లు కడుతుంది. అందుకని జిగురు బిగిసేదాకా ఎవరో ఒకరు కూర్చుని కర్రని తిప్పుతూనే ఉండాలి. ఆ ఎవరో ఒకరు నేనే. మధ్యాహ్నం నమాజుకి మొదలుపెడితే సాయంత్రం నమాజుకి వదిలేవారు.

రాడ్ కట్టినవాడి పేరు పిడికి కాస్త పైన, దారం చుట్టు మీద వెండి రంగు పెన్నుతో రాసి, రెండో పూత వేయడం మా దుకాణం ఆనవాయితీ. ఆ పెన్ను ఉస్తాద్ జేబు దాటి ఎప్పుడూ రాలేదు. ఈసారి మాత్రం, పోర్టులో క్రేన్ నడిపే ఆయనకి కావలసిన రాడ్ మొత్తం నాకే అప్పగించారు.

"మొదటి పూత శుభ్రంగా వస్తే నీ పేరు రాసుకో, నూకేషూ" అన్నారు.

ఆ మాట విన్నాక ఇంక నాకు కాలు నిలవలేదు. నా పేరున్న రాడ్‌ని చేత్తో తిప్పడమేంటి, మోటారే తిప్పాలి అనిపించింది.

మొదట పాత మిక్సీ మోటారు బిగించాను. వేరే కర్ర మీద జిగురు పూసి స్విచ్ వేశాను. జిగురు గోడ మీదకి, క్యాలెండర్ మీదకి, ఉస్తాద్ గడ్డం మీదకి సమానంగా పంచబడింది.

ఆయన గడ్డం తుడుచుకుంటూ అడిగారు. "కర్ర ఆరబెడుతున్నావా, పచ్చడి రుబ్బుతున్నావా?"

నేను అప్పటికే చెప్పులేసుకుని పాత సామాన్ల కొట్టుకి పరిగెడుతున్నాను. అక్కడ పాడైన మైక్రోవేవ్ ఓవెన్ ఒకటి దొరికింది. లోపల గాజు పళ్లేన్ని తిప్పే బుజ్జి మోటారు ఉంటుంది కదా, అదే కావాలి. ఒక చుట్టు తిరిగేలోపు మనం తీరిగ్గా ఆవులించొచ్చు. దానికి పీవీసీ పైపు మూత తగిలించి, చుట్టూ మరలు దిగేసి, రాడ్ మొదలుని పట్టుకునేలా చేశాను. రెండో చివర ఆనడానికి చెక్కకి గాడి కోసి మెత్తటి గుడ్డ అంటించాను.

స్విచ్ వేశాను. రాడ్ తిరిగింది. మెల్లగా, సమానంగా, పెళ్లికూతురు అద్దం ముందు తిరిగినట్టు తిరిగింది. నేనూ దానితోపాటు ఒక చుట్టు తిరిగాను.

"చూశారా ఉస్తాద్?"

"చూశాను. బాగుంది" అన్నారాయన. నిజంగానే అన్నారు. తర్వాత టోపీ పెట్టుకుని మసీదుకి వెళ్లిపోయారు.

నా రాడ్‌కి నా చేత్తో జిగురు పూశాను. యంత్రం తిప్పింది.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి పూత గట్టిపడింది. తళతళలాడుతోంది. బొట్టు లేదు, వంపు లేదు. ఉస్తాద్ కళ్లజోడు తుడుచుకుని, ట్యూబ్‌లైటు వెలుగు పూత మీద గీతలా పడేట్టు పట్టుకుని, చివర నుంచి పిడి దాకా చూశారు. చాలాసేపు చూశారు. నా గుండె మిక్సీ మోటారులా కొట్టుకుంటోంది.

ఆయన జేబులోంచి వెండి పెన్ను తీసి నా చేతిలో పెట్టారు.

మూత తీశాను. పిడి పైన, సరిగ్గా పేరు రాయాల్సిన చోట వంగి చూశాను.

పూత లోపల ఒక దోమ ఉంది. ఆరు కాళ్లూ చాపుకుని, గాజు పెట్టెలో పెట్టినట్టు, ఎంతో హాయిగా ఉంది.

"ఏం, రాయవేం?"

"ఇక్కడ దోమ ఉంది, ఉస్తాద్."

"ఉంటుంది మరి. పూత పచ్చిగా ఉన్నంతసేపూ కర్ర దగ్గర ఉన్నది అదే కదా. దాని పేరేంటో కనుక్కుని రాయి."

నేను పెన్నుకి మూత పెట్టి ఆయన చేతికిచ్చేశాను. బ్లేడు తీసుకుని, జిగురుతో సహా దారం మొత్తం కోయడం మొదలుపెట్టాను. ఉస్తాద్ నా పక్కనే కూర్చుని కొత్త దారపు ఉండ విప్పసాగారు.

కాసేపటికి అడిగారు. "నిన్న యంత్రం తిరుగుతుంటే నువ్వెక్కడికెళ్లావు?"

"టీకి."

ఆయన ఇంకా దారం విప్పుతున్నారు.

"టీకి కాదు ఉస్తాద్" అన్నాను. "గోడ అవతల నిలబడి ఫోన్లో వీడియో తీసుకున్నాను. యంత్రం గురించి."

"ఏం చెప్పావు?"

"ఇకమీదట రాడ్ దగ్గర మనిషి ఉండక్కర్లేదని."

"ఆ ఒక్క ముక్క చెప్పడానికి అంతసేపా?"

బ్లేడు ఆగింది.

"జుట్టు సరిగ్గా కుదరలేదు, ఉస్తాద్. మళ్లీ మళ్లీ తీశాను."