సుద్దకుంట అడిగిన కట్ట

అడవంటే అంతటా పచ్చగానే ఉంటుందనుకుంటారు చూడనివాళ్ళు. తూర్పుకొండ దగ్గరైతే నిజమే. అక్కడ ఊటలున్నాయి, మామిడి తోపులున్నాయి, అడవి మొత్తానికి చట్టాలు చేసే పెద్దసభ ఉంది. ఆ కొండ దిగి పడమరకి మూడు రోజులు నడిస్తే సుద్దకుంట వస్తుంది. అక్కడ ఊటా లేదు, తోపూ లేదు. పెద్దసభ మాట కూడా ఏడాదికోసారి నక్క నోట వినాల్సిందే.

నీలమ్మ అనే గేదె సుద్దకుంటలోనే పుట్టి పెరిగింది. ఇప్పుడు తొలిచూలుతో ఉంది. మూడేళ్ళ కిందట వచ్చిన వరదకి కుంట కట్ట తెగింది. అప్పట్నుంచీ ఎంత వాన కురిసినా నీళ్ళన్నీ ఆ గండిలోంచి పల్లానికి పోతున్నాయి. ఎండలు ముదిరితే జంతువులన్నీ రెండు రోజులు నడిచి ఏటికి వలసపోవాలి. పోయిన వేసవిలో ఆ దారిలోనే నీలమ్మ తల్లి కూలబడింది, మళ్ళీ లేవలేదు. వచ్చే వేసవికి నీలమ్మ పక్కన పాలు తాగే దూడ ఉంటుంది. ఆ పసిదాన్ని ఆ ఎండలో ఎలా నడిపించాలన్న దిగులు ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

సుద్దకుంట తరఫున పెద్దసభలో కూర్చునేది నక్క. అందరూ నక్కబావ అని పిలుస్తారు. మూడు రోజులు నడిచే ఓపిక ఇంకెవరికీ లేక దాన్నే ఎన్నుకున్నారు. కొండనుంచి అది తిరిగొచ్చిన ప్రతిసారీ నీలమ్మ ఎదురెళ్ళి అడుగుతుంది.

"ఏమైంది బావా మన కట్ట సంగతి?"

"అడిగాను నీలమ్మా. గొంతు చించుకుని అడిగాను. మావాళ్ళకి కట్ట కావాలి అన్నాను. పెద్దలంతా తలలూపారు."

"మూడేళ్ళుగా ఊపుతూనే ఉన్నారు. ఇక్కడ తట్టెడు మట్టి పడలేదు."

"అంత పెద్దవాళ్ళు మనకోసం తలూపడమంటే మాటలా?" అని నక్క వినయంగా ముక్కు నేలకి ఆనించేది. నక్క వినయమని లోకం ఊరికే అనలేదు.

ఈ ఏడాది తొలకరికి ముందు, కొండవైపునుంచి పాలపిట్ట ఎగిరొచ్చి కబురు చెప్పింది. "ఈసారి పెద్దసభ కొండమీద జరగదు, సుద్దకుంటలోనే జరుగుతుంది. అధ్యక్షురాలు ఏనుగమ్మ ఏమన్నారంటే, వాళ్ళు మనదాకా రాలేకపోతే మనమే వాళ్ళదాకా పోదాం, మనకి కాళ్ళు లేవా అన్నారు. వారంలో బయల్దేరుతున్నారు."

జంతువులన్నీ గంతులేశాయి. నక్క మాత్రం గంతులేయలేదు. ఆ సాయంత్రమే అందరినీ పోగేసింది.

"సభంటే సంతనుకున్నారా? అక్కడ అమ్మా, అయ్యా అనకూడదు. గౌరవనీయ అధ్యక్షా అనాలి. మన మోటు మాట ఒక్కటి దొర్లిందా, సభాధిక్కారం. కొమ్ములున్నవాళ్ళకి కొమ్ములు కోసేస్తారు."

నీలమ్మ కొమ్ములు వెనక్కి వాల్చింది. "మరేం చెప్పాలి బావా?"

"ఒకటే మాట. గౌరవనీయ అధ్యక్షా, కట్ట అందింది, సంతోషం. అంతే."

"అందలేదుగా?"

"అందిందంటేనే అందుతుంది. పెద్దల దగ్గర పద్ధతి అది."

మూలనున్న తాబేలు తాత మెడ బయటికి చాచాడు. "తిన్నామని చెబితే వండి పెడతారట్రా?"

"తాతకి వయసు మీదపడింది," అంది నక్క.

సభ రానే వచ్చింది. ముందు ఏనుగమ్మ, వెనక మరో నాలుగు ఏనుగులు, ఎలుగుబంటి, కణుజు దుప్పులు, నెమలి, ఇంకా బోలెడుమంది. నక్క పరుగెత్తుకుంటూ ఎదురెళ్ళింది. "కుంటలోకి దిగకండమ్మా, పల్లేరుకాయలు గుచ్చుకుంటాయి. పైన ఈ గట్టుమీద కూర్చోండి, గాలొస్తుంది." సభ మొదలయ్యేదాకా దాని నోట గట్టు అన్న మాటే గానీ కట్ట అన్న మాట రాలేదు.

పెద్దలు గట్టుమీద కూర్చున్నారు. ఏనుగమ్మ గొంతు సవరించుకుంది.

"సుద్దకుంట వాళ్ళు ఏటా ఒకటే అడుగుతున్నారు, కట్ట కావాలని. మేమూ ఏటా ఇస్తున్నాం. అయినా మళ్ళీ అడుగుతున్నారంటే చాలడం లేదేమో చూద్దామని వచ్చాం. అందుతోందా మీకు?"

అందరూ నీలమ్మవైపు చూశారు. వారం రోజులుగా వల్లెవేసింది నీలమ్మ. లేచి నిలబడేసరికి సగం మరిచిపోయింది.

"గౌరవ... గౌర..."

నక్క పక్కనుంచి పెదాలు కదిపి అందిస్తోంది. అప్పుడే కడుపులో దూడ డొక్కమీద ఒక్క తన్ను తన్నింది. నీలమ్మ కళ్ళముందు ఏటిదారి మెదిలింది, దారిలో పడిపోయిన తల్లి మెదిలింది.

"అందలేదమ్మా!" అనేసింది.

అందరూ ఆమె కొమ్ములవైపు చూశారు. కొమ్ములకేం కాలేదు.

"అందలేదా? మూడేళ్ళూ పంపాంగా," అంది ఏనుగమ్మ.

"పంపితే కనబడదా అమ్మా? తెగింది తెగినట్టే పడుంది."

"తెగితే మళ్ళీ బిగించి కట్టుకోవచ్చుగా? నాలుగు తీగలు పంపమంటావా?"

"తీగలకి ఎక్కడాగుతుందమ్మా? మట్టి కావాలి, రాళ్ళు కావాలి."

ఎలుగుబంటి బుర్ర గోక్కుంది. "గడ్డికట్టకి మట్టీ రాళ్ళూ ఎందుకమ్మాయ్?"

"గడ్డికట్టా? గడ్డికట్ట ఎవరడిగారయ్యా?"

సభంతా ముఖాలు చూసుకుంది. ఊటల పక్కన పుట్టినవాళ్ళు వాళ్ళు. నీళ్ళకి అడ్డం మట్టి పోసి ఆపుకోవాల్సిన అవసరం వాళ్ళకెన్నడూ రాలేదు. వాళ్ళకి తెలిసిన కట్ట గడ్డికట్టే.

"మరి నువ్వడిగే కట్ట ఏదమ్మా?" అంది ఏనుగమ్మ నెమ్మదిగా.

"మీరు కూర్చున్నదేనమ్మా."

ఏనుగమ్మ లేచి, తను కూర్చున్న చోటు చూసింది. ఆ కట్ట వెంటే చూపు పోనిచ్చింది. పది అడుగుల అవతల తెగిన గండి నోరు తెరుచుకుని ఉంది. గండి కింద బీటలు వారిన కుంట. ఏనుగమ్మ నక్కవైపు తిరిగింది.

"నేను ఒక్క అక్షరం మార్చలేదమ్మా!" అంది నక్క. "వీళ్ళు కట్టన్నారు, నేను కట్టన్నాను."

"మరి మేమిచ్చిన మూడు గడ్డికట్టలు?"

"వీళ్ళకే పంచాను. తిని మరిచిపోయారు."

"అదీ తేలుద్దాంలే," అంది ఏనుగమ్మ. "ముందు పని కానివ్వండి. ఇవాళ సభలో మాటలు చాలు."

అయిదు ఏనుగులు దిగాయి. బండలు దొర్లించాయి, మట్టి నెట్టాయి, కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరిచాయి. ఎలుగుబంటి తవ్వితే కణుజులు కాళ్ళతో చిమ్మాయి. తాబేలు తాత కూడా నాలుగు బెడ్డలు నెట్టి, తనవల్లే సగం పనైందన్నంత ధీమాగా నిలబడ్డాడు. పొద్దు వాలేలోపు గండి పూడింది. అంతలో పడమటి మబ్బు పగిలి, వాన దబదబా దంచేసింది.

ఎర్రటి వరద మెరకలోంచి పరుగెత్తుకొచ్చి, అలవాటైన దారినే గండివైపు ఉరికింది. కట్టకి కొట్టుకుని ఒక్కసారి వెనక్కి తగ్గింది. మళ్ళీ వచ్చి కొట్టుకుంది. కట్ట చెక్కుచెదరలేదు. నీళ్ళు తిరిగి తిరిగి, వేరే దారి లేక, కుంటలో నిలబడ్డాయి.

గేదెమీద వాన పడితే దానికేం పట్టదంటారు. ఆ రోజు నీలమ్మని చూసుంటే ఆ మాట అనేవాళ్ళు కాదు. వానలో నిలబడి, ఆపుకోలేక వలవలా ఏడ్చింది. ఇక తన బిడ్డ ఆ దారి తొక్కక్కర్లేదు.

అంతలో నక్క కెవ్వుమని అరిచి, కట్ట లోపలివైపు ముళ్ళకంపల చాటుకి ఉరికింది. "ఏమిట్రా ఆ అరుపు?" అని ఏనుగమ్మ ఓ అడుగు ముందుకేసింది. ఆ అడుగు సరిగ్గా నక్క తోకమీద పడింది.

"వదలండమ్మా! నా ఇల్లు! ఇల్లు మునిగిపోతోంది!"

ముళ్ళకంపల వెనక బొరియలోంచి బుడబుడమని గడ్డికట్ట ఒకటి పైకి తేలింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మూడోది. మూడింటికీ పెద్దసభ వేసే రెండుపేటల తీగముడి అలాగే ఉంది. మూడింటి మీదా నక్క ముడుచుకు పడుకున్నంత మేర నొక్కుకుపోయి గుంట పడింది. కుంట ఎండినన్నాళ్ళే ఆ ఇల్లు, ఆ మెత్తటి పరుపూ. కట్ట పడితే రెండూ పోతాయని దానికి మొదటినుంచీ తెలుసు.

తాబేలు తాత కళ్ళు తుడుచుకుని మరీ చూశాడు. "తేలుద్దామన్నావుగా తల్లీ. అవే తేలాయి."

సభ పడీపడీ నవ్వింది. ఏటా ఒక సమావేశం ఈ కట్టమీదే జరగాలని, ఇక్కడివాళ్ళు తమ మాట తమ నోటితోనే చెప్పుకోవాలని, అమ్మా అన్నా అయ్యా అన్నా సభకి గౌరవమేనని అక్కడికక్కడే తీర్మానించారు. ఏనుగమ్మ అప్పుడు గానీ కాలు తీయలేదు. నక్క నలిగిన తోకతో, తడిసిన ఒంటితో కొత్త బొరియ వెతుక్కుంటూ పోయింది.

నీలమ్మ మెల్లగా కుంటలోకి దిగి, మెడదాకా నీళ్ళలో కూర్చుంది. నక్కతోక తొక్కితే అదృష్టమంటారు కదా. తొక్కింది ఏనుగమ్మ, అదృష్టం సుద్దకుంటది.

నీతి: కష్టం గురించి చెవులతో విన్నవాడు గడ్డికట్ట పంపుతాడు, కాళ్ళతో నడిచొచ్చి చూసినవాడు గండి పూడుస్తాడు.