గుట్టమీది మేకలు

జిలానీకి ఒక చుక్క రెండు చుక్కలుగా కనబడటం మొదలైంది.

అతను రాసే ఉర్దూ రాతలో చుక్కంటే ఆషామాషీ కాదు. ఒక్కటి ఎక్కువ పడితే మాటే మారిపోతుంది. అందుకని రెప్పలు నులుముకుని, కాగితాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ రాసేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని చేతిలోంచి జారిపోతుందని భయం.

పని కూడా అట్లాంటిది మరి. గుట్టకి ఎదురుగా ఉన్న దర్గాలో బుడన్ షా బాబా దగ్గర ఒక పాత పుస్తకముంది. తన గురువుగారు చెబుతూ ఉంటే, వయసులో ఉండగా బాబా తన చేత్తో రాసుకున్నది. ఇంకెక్కడా దానికి ప్రతి లేదు. పురుగులు సగం తినేశాయి. మిగిలిందీ పోయేలోగా నకలు రాసి, దర్గా ఉరుసు పండగ నాటికి బాబా చేతిలో పెట్టాలని జిలానీ పంతం.

బాబాకి చూపు లేదు. ఆయన దేవుడి వెలుగు చూశాడని, ఆ వెలుగు తట్టుకోలేక కళ్ళు పోయాయని ఊళ్ళో చెప్పుకుంటారు. అడిగితే బాబా నవ్వి ఊరుకునేవాడు.

పేజీ తిప్పిన చప్పుడు వినబడితే చాలు, వసారాలోంచి కేకేసేవాడు.

"జిలానీ, కుండలో నీళ్ళతో మొహం కడుక్కో. గుట్ట మీద సుంకమ్మ మేకలు యాడుండాయో చూసి చెప్పు నాయనా."

మొదట్లో జిలానీ బుద్ధిగానే లేచేవాడు. చల్లటి నీళ్ళు కళ్ళకి తగిలేవి. గుట్ట చాలా దూరం. మేకలు నువ్వుగింజల్లాగా కదిలేవి. అట్లా చూస్తూ నిలబడితే ఎండా, గాలీ, సాంబ్రాణి పొగా అన్నీ కలిసిపోయి మనసు ఎటో తేలిపోయేది. ఏం రాస్తున్నాడో, తను ఎవరో కూడా గుర్తుండేది కాదు. అదే అతనికి నచ్చలేదు. పనిమంతుడు గుట్టలు చూస్తూ నిలబడతాడా?

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేకలతో మీకేం పని బాబా? అందులో ఒక్కటన్నా మీది కాదు కదా."

"నాది కాకుంటే చూడగూడదా?" అన్నాడు బాబా.

ఇదెక్కడి చాదస్తం రా దేవుడా అనుకున్నాడు జిలానీ. ఉరుసు ఇంకో నెల కూడా లేదు. ఆ రోజు నుంచి లేవడం మానేశాడు. బాబా అడగ్గానే తలెత్తకుండా, "నల్లబండ కాడ ఉండాయి బాబా" అనేవాడు. ఇంకోసారి రేగుచెట్ల కాడ. మొహం కడుక్కున్నావా అంటే, కడుక్కున్నా అనేవాడు. అబద్ధం కాస్త గుచ్చుకునేది గానీ పేజీలు మాత్రం చకచకా సాగేవి. బాబా ప్రతిసారీ, "మంచిది నాయనా" అనేవాడు.

ఆ తర్వాతే కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలైంది. చుక్కలు రెండేసి అయ్యాయి.

ఉరుసు మూడు రోజుల్లోకి వచ్చింది. ఇంకొక్క పేజీ మిగిలింది. మధ్యాహ్నం వేళ బాబా మామూలుగానే అడిగాడు.

"మేకలు యాడుండాయి నాయనా?"

"గుట్ట కొననెత్తిన మేస్తా ఉండాయి బాబా."

బయట ఎవరో పకపకా నవ్వారు.

"ఓయమ్మో! ఏం చెప్తాండావప్పా నువ్వు!"

జిలానీ తలెత్తాడు. గుమ్మం అవతల వసారా నిండా మేకలే. ఎండకి తాళలేక సుంకమ్మ మందనంతా దర్గా నీడకి తోలుకొచ్చింది. ఒక మేకపిల్ల బాబా ఒళ్ళో పడుకుని ఆయన గడ్డం నాకుతోంది. ఎప్పుడొచ్చాయో ఏమో, మెడగంటల చప్పుడైనా అతని చెవిన పడలేదు.

సిగ్గుతో చచ్చిపోయాడు. వచ్చి బాబా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. చీవాట్లు తప్పవనుకున్నాడు. బాబా మేకపిల్ల వీపు నిమురుతూ, "ఇప్పుడు గుట్ట చూడు" అన్నాడు.

చూశాడు. గుట్ట ఉండాల్సిన చోట ఆకాశం కాస్త మాసినట్టుంది. అంతే. కుండ దగ్గరికి పరిగెత్తి కళ్ళ నిండా నీళ్ళు కొట్టుకుని మళ్ళీ చూశాడు. నల్లబండ లేదు. రేగుచెట్లు లేవు.

"బాబా, గుట్ట లేదు!" అని బావురుమన్నాడు. "నాకేమీ కనబళ్ళేదు బాబా!"

సుంకమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఆ పుస్తకం రాసేటప్పుడు మా గురువు నన్నూ అడుగుతా ఉండె," అన్నాడు బాబా. "మేకలు యాడుండాయి బుడన్, అని."

"మీరేం చెప్పేవాళ్ళు బాబా?"

"నల్లబండ కాడ ఉండాయని."

జిలానీ మళ్ళీ కలం పట్టలేదు. ఉరుసు వచ్చింది, పోయింది. పుస్తకం ఏదని జనం అడిగితే, "వచ్చే ఏడు ఉరుసు రాదా?" అన్నాడు బాబా. జిలానీ పొద్దస్తమానం ఆయన పక్కనే కూచుని, గుట్ట ఉండాల్సిన వైపే చూస్తూ ఉన్నాడు. రోజులు మసకమసగ్గా గడిచాయి. ఒక సాయంత్రం ఆ మసకలో సన్నటి గీత ఒకటి తేలింది.

"మేకలు యాడుండాయి నాయనా?"

జిలానీ తొందరపడలేదు. రెప్పలు మూసి తెరిచి, నిదానంగా చూశాడు.

"గుట్ట అంచు తెలుస్తా ఉంది బాబా. మేకలు ఇంకా కనబళ్ళేదు."

బాబా చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని భుజం మీద ఆగింది.

"అయితే కూచో," అన్నాడు. "నాక్కూడా కలిపి చూడు."