చెప్పకుండా వెళ్లిన అమ్మ

అన్యాయం జరిగింది మూడున్నరేళ్ల నూకరత్నానికి. జూలై మొదటి సోమవారం, పొద్దున్నే జరిగింది. చేసింది దొంగలూ కాదు, దుర్మార్గులూ కాదు. కన్నతల్లీ, చదువుకున్న పంతులమ్మా కలిసి చేశారు. పైగా నవ్వుతూ చేశారు.

సముద్రపొడ్డున రొయ్యల షెడ్ల వెనక భద్రమ్మగారి మఠం ఉంది. ఆవిడ కాషాయం కట్టిన సన్యాసిని. జపం తక్కువ, పిల్లల ముక్కులు తుడవడం ఎక్కువ. షెడ్లలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు పొద్దున పిల్లల్ని అక్కడ దించి పనికి పోతారు. ఆవిడ దగ్గర శిష్యరికానికి చేరిన అమ్మాయి హైమవతి. పట్నంలో చిన్నపిల్లల చదువు మీద డిప్లొమా చేసింది. ఆ డిప్లొమా కన్నా తన చిట్కా అంటేనే ఆమెకి గొప్ప.

చిట్కా ఏమిటంటే కాకి. తల్లి గుమ్మంలో ఉండగానే పిల్లని చంకనెత్తుకుని కిటికీ దగ్గరికి పోవడం, "అదిగో కాకి, చూడు చూడు" అనడం. పిల్ల కాకిని చూసేలోగా తల్లి వెనక గుమ్మంలోంచి జారుకుంటుంది. మూడున్నరేళ్ల మనిషిని మోసం చేయడానికి డిప్లొమా ఎందుకో మరి.

"నా గదిలో ఒక్క పిల్ల కూడా ఏడవదమ్మా" అంది హైమవతి.

భద్రమ్మగారు "ఊఁ" అన్నారు.

నూకరత్నం కాకిని చూసింది. ఇటు తిరిగింది. అమ్మ లేదు.

ఏడవలేదు. కానీ ఆ రోజు నుంచి మఠంలో మెతుకు ముట్టలేదు. బొమ్మ చూపిస్తే చూడదు. వేలు పెట్టి చూపించిన దిక్కుకి తలే తిప్పదు. చూపంతా గుమ్మం మీదే. మధ్యాహ్నం ఎవరో ఒకరు పరిగెత్తి తల్లి కాసులమ్మని షెడ్డులోంచి పిలుచుకొస్తే, ఆమె చేతి ముద్ద మాత్రం మింగేది.

నెల గడిచింది. కాసులమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"మేస్త్రి ఇంక ఊరుకోనన్నాడు పంతులమ్మా. పని మధ్యలో లేత్తే నా పీట ఇంకోదానికి ఇచ్చేత్తాడంట. వచ్చే వారం దాకా చూత్తానన్నాడు."

హైమవతి గురువు దగ్గరికి వెళ్లింది. "ఆ పిల్ల వట్టి మొండిదమ్మా. ఏం చెయ్యమంటారు?"

"రేపు మీ అమ్మ వస్తోందన్నావుగా. రానీ" అన్నారు ఆవిడ.

మర్నాడు తుని నుంచి హైమవతి తల్లి వచ్చింది. పోయిన దసరా తర్వాత కూతుర్ని చూడటం అదే. అరుగు మీద కూర్చుని సున్నుండల డబ్బా మూత ఇంకా తియ్యనేలేదు.

"హైమా, పెరట్లో తెల్లమందారం పూసిందట. ఓసారి చూసి రా" అన్నారు భద్రమ్మగారు.

హైమవతి వెళ్లింది. మందారం లేదు, మొగ్గా లేదు. తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీ. డబ్బా ఉంది. అమ్మ లేదు.

"మా అమ్మేదమ్మా?"

"వెళ్లింది."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే ఏడుస్తావని నేనే పంపించాను. చూడు, గొడవ లేకుండా ఎంత తేలిగ్గా అయిపోయిందో."

హైమవతికి ఒళ్లు మండింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఇసుకదారిలో పరుగు తీసింది. కొంగు ముళ్లకంపకి పట్టి చిరిగింది. ఆగలేదు. బస్సు హారన్ వినపడితే ఇంకా గట్టిగా పరిగెత్తింది.

తల్లి బస్టాపులో నిలబడి ఉంది. వచ్చిన బస్సు ఎక్కలేదు.

"ఆవిడే చెప్పారే" అంది తల్లి. "అక్కడ నిలబడండి, పరిగెత్తుకుంటూ వస్తుంది, బస్సు పోతే పోయింది అన్నారు. ఏమిటే, ఆవిడకేమన్నా చాదస్తమా?"

హైమవతి తల్లిని గట్టిగా పట్టుకుంది.

తల్లిని వెంటపెట్టుకుని తిరిగొచ్చేసరికి భద్రమ్మగారు బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు.

"మందారం ఎలా ఉంది?" అన్నారు, తల ఎత్తకుండానే.

హైమవతి పోయి వెనక గుమ్మానికి గొళ్లెం పెట్టింది.

మర్నాడు పొద్దున కాసులమ్మతో అంది: "ముందు గుమ్మంలోంచే వెళ్లు. దాని మొహం చూసి, వెళ్తున్నానని చెప్పి వెళ్లు."

"అమ్మో, గుక్కపెట్టి ఏడుత్తాది."

"ఏడవనీ. నిజంగా ఎప్పుడొస్తావో అదే చెప్పు. అబద్ధం చెప్పకు."

కాసులమ్మ గొంతుక్కూర్చుంది. "రత్తం, నాను పనికెళ్తన్నాను. సాయంత్రం షెడ్డు సైరన్ మోగితే వత్తాను." లేచింది. వెళ్లింది.

నూకరత్నం పెట్టిన కేక షెడ్ల దాకా వినిపించింది. తన్నింది, రక్కింది, హైమవతి చేయి కొరికింది. అది చూసి ఇంకో నలుగురు అందుకున్నారు. హైమవతి కిటికీ వైపు పోలేదు. గుమ్మంలోనే చతికిలబడి, పిల్లని రోడ్డుకేసి తిప్పి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఏమిటీ గోల?" అంటూ భద్రమ్మగారు వచ్చారు.

"ఏడుస్తోందమ్మా" అంది హైమవతి. జుట్టు రేగిపోయి ఉంది, చేతి మీద పళ్లగాట్లు, మొహం మాత్రం పండగలా వెలిగిపోతోంది. "చూశారా, ఇన్నాళ్లకి ఏడుస్తోంది."

సాయంత్రం సైరన్ మోగింది. చేతులైనా కడుక్కోకుండా కాసులమ్మ గుమ్మంలోకి వచ్చి పడింది. నూకరత్నం తల్లిని రెండు పిడికిళ్లతో కొట్టింది. కొట్టి కొట్టి, మెడ పట్టుకుంది.

తర్వాతి రోజూ ఏడుపే, కానీ చిన్నది. ఆ తర్వాత ఇంకా చిన్నది. గురువారం పొద్దున పిల్ల తనే తల్లి కొంగు వదిలింది.

"సైరన్ మోగితే రా. ఆలీసం సేత్తే ఊరుకోను" అంది.

మధ్యాహ్నం కంచం ముందుకి జరిపి "ఇంకొంచెం పప్పెయ్యి" అంది. షెడ్డులో కాసులమ్మ పీట మీద నుంచి లేవలేదు. ఎవరూ పిలవలేదు.

హైమవతి గరిటె చేత్తో పట్టుకునే గురువు దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ గరిటె తీసుకుని బొగ్గుముక్క చేతిలో పెట్టారు.

"గోడ మీద మిగతా పిల్లల పేర్ల కింద దాని పేరు రాయి. చేరిన తారీకు వెయ్యి."

"నెల కిందటే చేరింది కదమ్మా?"

"నెల కిందట తెచ్చారు. వచ్చింది ఇవాళ."

హైమవతి రాసింది: నూకరత్నం, 14-8-2025.