ప్రెసిడెంటుగారి కొత్త సైలెన్సర్

ప్రెసిడెంటు సన్యాసినాయుడికి రెండే సరదాలు. ఒకటి బుల్లెట్ బండి, రెండోది ఊళ్లోవాళ్ల ఇళ్లలో కూరలు. సరిగ్గా కూర దించే వేళకి ఏదో పనున్నట్టు గుమ్మంలో దిగుతాడు. దిగిన మనిషిని అన్నానికి రమ్మనకుండా పంపే అలవాటు ఆ ఊళ్లో లేదు.

ఒకనాడు పట్నం నుంచి మూడు కొత్త సైలెన్సర్లు తెప్పించి, పాలమ్ముకునే నూకాలు ఇంటెదుట మెకానిక్ చేత ఒక్కొక్కటే బిగించి మోగించాడు. మూడోదానికి ఇంటి పెంకులు అదిరాయి. నూకాలు గేదె బెదిరి, తపేలా తన్నేసి, చుక్క పాలు చేపలేదు.

చుట్టూ చేరినవాళ్లంతా మూడోదే దర్జాగా ఉందన్నారు. వద్దంటే పంతానికి పోయే మనిషని నూకాలుకి తెలుసు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదే ఉంచండి బాబూ. మా ఆడోళ్లకి ఎంత సుఖమో."

"మీకేటే సుఖం?"

"మొన్న మీరొచ్చేదాకా తెలీక, రొయ్యల కూర పొయ్యిమీదే దొరికిపోయింది. ఇదైతే మీరు కాలవగట్టు ఎక్కగానే వినబడతాది. మీరు గుమ్మంలోకొచ్చేసరికి కూర దాక అటకెక్కిపోద్ది."

నాయుడు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఏటో, ఈ మోత నాకే తలనొప్పిగా ఉంది" అని పాత సైలెన్సరే బిగించుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం ఎవరికీ తెలీకుండా వచ్చాననుకుంటూ నూకాలు గుమ్మంలో దిగాడు. ఆమె పీట వేసి రొయ్యలు వడ్డించింది. పెరట్లో గేదె తీరిగ్గా నెమరేస్తోంది.

నిజానికి ఆ పాత మోత కూడా ఎప్పుడూ ఆయన సందు మలుపు తిరగగానే వినబడేది. ఆయన గుమ్మం తొక్కేసరికే సగం కూర అటకెక్కింది.