ఎండలమ్మ తన చోటికి మళ్లిన వైనం

దొనకుంట నుంచి ఎర్రబోడు కొండకు పోయే ఆటోలు సున్నపుబట్టీ దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి కొండ భుజం దాకా అరగంట నడక. మెట్లు లేవు, చేతికమ్మీలు లేవు. పైకి చేరిన భక్తులు ముందు గోపురం కోసం వెతుకుతారు. గోపురం లేదు, గుడి లేదు, కనీసం పైన ఒక రేకు కూడా లేదు. దొనకుంట, మేకలపాడు, చింతలబైలు అనే మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట, మోకాలెత్తు రాయి ఒకటి పసుపు పూసుకుని నిలబడి ఉంటుంది. ఆ తల్లే ఎండలమ్మ.

ఏ ఊరి దేవతకైనా నాలుగు గుంజలు పాతి నీడ వేస్తారు. ఈ తల్లికి ఎందుకు వేయలేదని అడిగేవారి కోసం ఈ కథ.

పూర్వం ఇక్కడికి పేరిందేవి అనే సర్వేయరు వచ్చింది. పూర్వమంటే కృతయుగం కాదు, నలభై ఐదేళ్ల కిందటి మాట. ఋషులు ఒంటికాలి మీద తపస్సు చేశారని పురాణాలు చెబుతాయి. ఈమె రెండు కాళ్ల మీద చేసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో జీపును ఊరి బయటే వదిలి, తాటాకు టోపీ పెట్టుకుని, గట్ల వెంబడి నడిచింది. కచేరీ గదిలో కూర్చుంటే ఆమెకు తలనొప్పి వచ్చేది, చేలగాలి తగిలితే పోయేది. బలుసు పండ్లు ఏ పొదలో ముందు పండుతాయో, కౌజుపిట్ట ఏ గడ్డిలో గుడ్లు పెడుతుందో ఆమె కొలతల పుస్తకం అంచుల్లో రాసి ఉండేది. ఎండలో తిరిగితే నల్లబడిపోతావమ్మా అని ఒక పెద్దమనిషి జాలిపడితే, "నేల నల్లగా ఉంటే రేగడి అని మెచ్చుకుంటారు కదండీ, నన్నూ అలాగే మెచ్చుకోండి" అన్నదట.

ఆమె దొనకుంట వచ్చిన పని ఇది. మగదిక్కు లేదని ఊరు లెక్కలోంచి తీసేసిన తొమ్మిది మంది ఆడవాళ్లకు ప్రభుత్వం కొండకింద ఎకరం చొప్పున పట్టాలిచ్చింది. కాగితం చేతిలో ఉంది, నేల కాళ్లకింద లేదు. పొలిమేర రాయి నుంచి ఎప్పుడు కొలిచినా ఆ తొమ్మిదెకరాలూ వట్టి బండమీద పడేవి. నల్లమన్నూ, వేసవిలోనూ ఎండని గువ్వల చెలమ నీళ్లూ, పక్కనున్న మోతుబరి చినకోటయ్య తోటలోకి పోయేవి. ఈసారి కూడా అలాగే తేలితే పట్టాలు రద్దుచేసి, ఆ ఆడవాళ్లను మళ్లీ చినకోటయ్య తోటలో కూలికి పంపడమే మిగులుతుంది.

అప్పట్లో ఆ రాయి కొండకింద, బండ్లబాట పక్కన, చక్కటి పందిరి కింద ఉండేది. జనం దాన్ని పోలేరమ్మగా కొలిచేవారు. పేరిందేవి అక్కడి నుంచి ఇనుప గొలుసు పట్టించి మూడు రోజులు కొలిచింది. మిగతా రెండు పొలిమేర రాళ్ల నుంచి వచ్చిన గీతలు ఈ రాయి దగ్గర కలవలేదు. ఇరవై గొలుసుల దూరంలో, పైన కొండ భుజం మీద, ఏమీ లేనిచోట కలిశాయి.

పట్టాదారుల్లో ఒకరైన మేకల గురవమ్మ ఆ మూడు రోజులూ దూరం నుంచి చూస్తూనే ఉంది. నాలుగోనాడు దగ్గరికొచ్చి అడిగింది.

"ఏందమ్మా, పోగొట్టుకున్న చెవికమ్మ వెతుకుతున్నట్టు తిరుగుతుండావు?"

"పెద్దమ్మా, నా లెక్కలో రాయి కొండమీద ఉండాలి. కిందుంది."

"ఉండదా మరి? నడిచొచ్చింది గదా."

అప్పటికి ముప్పై ఏళ్ల కిందట, గురవమ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడు, జాతరకు కొండెక్కలేక మగవాళ్లు ఆయాసపడ్డారు. మర్నాడే పూజారి పోతులయ్యకు కల వచ్చింది. ఎండకు తాళలేకపోతున్నాను, నన్ను కిందికి దించండని తల్లి ఏడ్చిందట. పదిమంది కలిసి రాయిని పెకిలించి, మేళతాళాలతో దించి, పందిరి వేశారు. దేవతను దించామనుకున్నారే గాని, మూడు ఊళ్ల హద్దును దించామని ఎవరికీ తట్టలేదు. తట్టిన ఒక్కడూ చినకోటయ్య తండ్రి. ఆయన అమ్మవారికి వెండికళ్లు చేయించి ఊరుకున్నాడు.

పేరిందేవి ఊరందరినీ కొండ భుజం మీదికి పిలిచింది. పాతరోజుల్లో హద్దురాయి నాటేటప్పుడు అడుగున బొగ్గులు పోసేవారు. రాయి పోయినా బొగ్గు చివకదు, చోటు చెబుతుంది. తాను గుర్తుపెట్టిన చోట ఆమె తవ్వించింది. మోకాలి లోతు తవ్వినా ఎర్రమట్టి తప్ప ఏమీ రాలేదు.

"లెక్కలు ఆడోళ్లకెందుకమ్మా? ముగ్గులైతే చుక్కలు తప్పినా దిద్దుకోవచ్చు," అన్నాడు చినకోటయ్య. మగవాళ్లు నవ్వారు. మర్నాటికల్లా పట్టాల రద్దుకు రాసి పంపాలి.

పేరిందేవి గొలుసును నేలమీద పరిచి, సంచిలోంచి ఉక్కుపట్టీ తీసి సరిచూసింది. లాగీలాగీ గొలుసు అంగుళం సాగింది. ఆ పని మొదటిరోజు పొద్దున్నే చేయాల్సింది. కొత్తచోటు చూసిన సంబరంలో పిట్టల వెంటపడి మరిచిపోయింది.

"తప్పు నాదే," అని అందరికీ వినబడేలా చెప్పింది. "గొలుసుకు అంగుళం చొప్పున ముప్పై గొలుసులకు ముప్పై అంగుళాలు ముందుకు వచ్చాను. వెనక్కి రెండున్నర అడుగులు. తవ్వండి."

పలుగు మూడోపోటుకు నల్లగా పొడి రాలింది. గురవమ్మ గుంటలోకి దిగి, గుప్పెడు బొగ్గులు తీసి, చినకోటయ్య ముక్కుకింద పెట్టింది. "ఇదిగో నాయనా, చుక్క దొరికింది. ముగ్గు మేమేసుకుంటాం."

అయినా పోతులయ్య అడ్డుపడ్డాడు. "తల్లి తనంతట తానే కలలో చెప్పి కిందికొచ్చింది. కదిలిస్తే ఊరికి అరిష్టం."

గురవమ్మకు పోతులయ్య వరసకు మరిది. "ఏవయ్యా మరిదీ, కల నీ ఒక్కడి సొత్తా? నిన్న మధ్యాన్నం మేకల కాడ కునుకు తీస్తుంటే నా కలలోకీ వచ్చింది తల్లి."

"ఏమందీ?"

"కాళ్లనొప్పులు నాయి గావు, పోతులయ్యయి అంది. ముప్పై ఏళ్లాయె ఆ పందిట్లో ఊపిరాడక చస్తుండాను, నా ఎండ నాకిప్పించండే అంది. కాదంటావా? నీ కల నిజమైతే నా కలా నిజమే. నాది అబద్ధమైతే..."

ముందుగా నవ్వింది పోతులయ్య భార్యే. ఆమె పందిరి దాకా దిగిపోయి, కొంగు బిగించి రాయికి ఒకవైపు చెయ్యి వేసింది. ఆడవాళ్లంతా మోకుకట్టి, ఆగుతూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పొద్దు వాలకముందే తల్లిని పాతచోట నిలబెట్టారు. ఆనాటి నుంచి ఆమె పేరు ఎండలమ్మ.

మర్నాడు కొత్తగా కొలిస్తే తొమ్మిదెకరాలూ నల్లమట్టిలో పడ్డాయి. గువ్వల చెలమ వాటి మధ్యకు వచ్చింది. రాళ్లు పాతేముందు పేరిందేవి ఒక్కొక్కరినీ తమ మడి నాలుగు మూలలా నిలబెట్టి, "ఇది నాది అని అనండి. అన్నాకే పాతుతాను," అన్నది. అంత మాటకారి గురవమ్మకు ఆ రెండు మాటలు రావడానికి చాలాసేపు పట్టింది. సర్వేయరమ్మ తొందరపెట్టలేదు. గట్టుమీద కూర్చుని బలుసు పండ్లు తింటూ కాచుకుంది.

ఉద్యోగం అయిపోయాక కూడా పేరిందేవి ఏటా ఇక్కడికి నడిచి వచ్చేది. డెబ్భై ఎనిమిదో ఏట, తన పెరట్లో వేపగాలికి మంచం వాల్చుకుని, హాయిగా కన్నుమూసింది. ఆమెకు విగ్రహం పెట్టిస్తామన్నవాళ్లకు బతికుండగానే చెప్పింది: "అడ్డం. కొలతకు చూపు ఆనదు." ఆ కారణంగానే మండపం కట్టిస్తామన్న దాతలను కూడా ఆడవాళ్లు మజ్జిగ ఇచ్చి సాగనంపుతున్నారు.

ఇక్కడ కుంకుమ లేదు, బొగ్గుబొట్టు పెడతారు. దానికి మొగుడు ఉన్నాడా పోయాడా అనే ఆరా లేదు. మొక్కుకుంటే పెళ్లవుతుందనీ కొడుకు పుడతాడనీ ఈ క్షేత్రం మాట ఇవ్వదు. పేరున సెంటు నేలో, ఒక గదో, ఒక దుకాణమో రాయించుకున్న ఆడవాళ్లు చైత్రమాసంలో మూడు ఊళ్ల నుంచీ, ఇప్పుడు దూరపు పట్నాల నుంచీ వస్తారు. బొట్టు పెట్టించుకుని, తమ హద్దుల కాగితం తల్లి ముందు పరిచి, నాలుగు మూలలా వేలు పెట్టి, పైకి వినబడేలా "ఇది నాది" అంటారు.

మొదటిసారి వచ్చినవాళ్లు కాగితం మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోతారు. వెనక వరసలో ఎంతమంది ఉన్నా ఎవరూ తోసుకోరు, విసుక్కోరు. ఆ మాట వచ్చేదాకా అందరూ నిలబడే ఉంటారు.